తెరిచి ఉన్న కుళాయి

దొంగతనానికి వచ్చినవాడు తన సైకిల్ని వీధి దీపం కింద స్టాండు వేసి, దానికి తాళం కూడా వేసి మరీ ఇంట్లో చొరబడడు.

సోమవారం తెల్లవారుజామున ఎర్రయ్య చేసింది అదే. బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి కనకం ఆ సైకిల్ తాళంచెవి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మొగుడి శవంతో పాటు పోలీసులు ఆమెకి అప్పగించిన వస్తువులు మూడు: తాళంచెవి, మఫ్లరు, చేతి గడియారం. గడియారం ఇంకా నడుస్తోంది.

"ఆయన దొంగ కాదు గార్డుబాబూ," అంది. "ఇరవై రెండేళ్ళు ఈ కాలనీలో అందరి కిటికీలూ కొట్టినాడు. ఒక్క కిటికీలోంచి లోపలికి తొంగి సూడనేదు."

నా పేరు తిరుమలరావు. ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. ఛార్జిషీటు పడ్డ రైల్వే వాళ్ళ తరఫున ఎంక్వైరీల్లో కూర్చుని వాదించడం ఇప్పుడు నా పని. దానికి రూల్సు ఒప్పుకుంటాయి, మా ఆవిడ ఒప్పుకోదు. ఎవరు ఏ నిమిషానికి ఎక్కడున్నారో తేల్చుకోనిదే నాకు అన్నం సహించదు. బండి ఆగిన ప్రతిచోటా టైము రాసుకున్న చెయ్యి ఊరికే ఉండదు మరి. అందుకని ఈ హిందీ ఊళ్ళోని రైల్వే కాలనీలో నన్ను వెనకాల డిటెక్టివ్ అంటారు. పని పడ్డప్పుడు ముందర కూడా అంటారు.

ఎర్రయ్య కాల్‌మన్. అంటే డ్రైవర్లకీ గార్డులకీ డ్యూటీ పిలుపు అందించే మనిషి. బండి టైముకి రెండు గంటల ముందు క్వార్టరుకి వచ్చి, నిద్ర లేపి, కాల్ బుక్కులో సంతకం తీసుకుని పోతాడు. నన్నూ కొన్ని వందలసార్లు లేపాడు. నిద్ర మత్తులో అతన్ని తిట్టని వాడు మాలో లేడు. అతను తిరిగి ఒక్క మాట అన్నదీ లేదు.

అలాంటి మనిషి వేణుగోపాల్ అనే ఆఫీసు క్లర్కు పెరట్లో తల పగిలి చచ్చిపోయాడు. ఆ క్వార్టర్ల లైన్లో ఆ నెలలోనే రెండిళ్ళు దోచారు. దాంతో కాలనీ మొత్తం ఒక్క పూటలో తీర్పు చెప్పేసింది.

"కుళాయి కాడ నా బిందె తీసి పక్కన పెట్టీసినారు బాబూ," అంది కనకం. "దొంగ పెళ్ళానివని ఎవలూ అననేదు. అనకుండానే తీసీసినారు."

"పోలీసులేమంటున్నారు?"

"సాయంత్రం నాలుక్కి టి.ఐ. గారు కాగితం పై ఆఫీసుకి పంపించీస్తారంట. దొంగని కాగితం మీద రాసీసినాక ఇంక తుడిసేది ఎవలు?"

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. నాలుక్కి అంటే నా చేతిలో ఉన్నది ఆరు గంటల యాభై నిమిషాలు.

*

తొమ్మిదీ నలభైకి డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో రిజిస్టరు చూశాను. సోమవారం, జనవరి పదహారు. మూడూ పదిహేనుకి ఎర్రయ్య కాల్ బుక్కు తీసుకుని బయల్దేరాడు. ఇవ్వాల్సిన కాల్స్ మూడు. మొదటి డ్రైవరు మూడూ పాతిక్కీ, రెండో డ్రైవరు మూడూ ముప్ఫై అయిదుకీ సంతకం పెట్టామని ఇద్దరూ చెప్పారు. మూడోది రమణమూర్తి అనే గూడ్సు డ్రైవరుది. అతనికి మూడూ నలభై అయిదుకి అందాలి, అందలేదు. బండి గంటా నలభై నిమిషాలు యార్డులోనే నిలబడింది. బుక్కు తిరిగి రాలేదు.

రిజిస్టర్లో రమణమూర్తి క్వార్టరు నంబరు పద్నాలుగు. ఎర్రయ్య చచ్చిపోయిన క్వార్టరూ పద్నాలుగే. కాని రమణమూర్తి నాకు దొరికింది హాస్పిటల్ వెనకాల, నలభై ఒకటో నంబర్లో.

అతను నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"మా ఆవిడ మోకాళ్ళకి రోజూ కరెంటు పెట్టించాలి గురూ. హాస్పిటల్ దగ్గరవుతాదని వేణుగోపాలూ నేనూ క్వార్టర్లు మార్చుకున్నాం. ఎనిమిదో తారీఖున. ఆర్డరు ఇంకా రాలేదు."

"లాబీకి చెప్పలేదా?"

"ఆర్డరు లేకుండా మారినోణ్ణి ఏటని చెప్తాను? కాల్‌మన్లందరికీ నోటితో చెప్పీసినాను. ఎర్రయ్య ఒక్కడే ఊరెళ్ళాడు. ఆదివారం సాయంత్రమే బండి దిగాడు." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ పెరటి తలుపుకి తీగ కట్టింది నేనే తిరుమలరావూ. బయట్నుంచి లాగితే గడియ ఊడతాది. వాడు వీధి తలుపు కొడితే పిల్లలంతా లేచిపోతన్నారని, వెనక కిటికీ కాడికి రమ్మని నేనే చెప్పినాను. ఎన్నేళ్ళ కిందటో."

ఇది మా లైన్లన్నిటిలోనూ ఉన్న అలవాటే. కాల్‌మన్ కేక వెయ్యడు. పెరట్లోకి వచ్చి, డ్రైవరు పడుకునే గది కిటికీ ఊచ మీద టార్చితో మూడుసార్లు కొడతాడు. ఏ డ్రైవరు ఏ కిటికీ పక్కన పడుకుంటాడో అతనికి తెలుసు. వేణుగోపాల్ గుంటూరు వైపు నుంచి రెండేళ్ళ కిందట వచ్చిన ఆఫీసు మనిషి, పగలు పదికి పోయి అయిదుకి వస్తాడు. అతని కిటికీ ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు.

ఎర్రయ్య ఎందుకు ఆ పెరట్లోకి వెళ్ళాడో తెలిసింది. కాని నేను చెబితే సరిపోదు. బుక్కు చెప్పాలి.

*

పెరడు చూడ్డానికి అనుమతి కోసం ఠాణాకి వెళితే, అక్కడి ఇన్‌స్పెక్టరు, టి.ఐ. చందేల్ నన్ను మధ్యాహ్నం మూడు దాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. పోలీసులకి నేనంటే గిట్టదు, వాళ్ళకంటే ముందు టైములు కలుపుతానని. బెంచీ మీద కూర్చోబెట్టడం మాత్రం అతని పొరపాటు. రిటైరైన గార్డు పక్కన కూర్చుంటే ఏ కానిస్టేబులైనా కబుర్లు చెబుతాడు. ఠాణా డైరీలో ఉన్నవి నా పుస్తకంలోకి ఎక్కాయి. వేణుగోపాల్ వచ్చి దొంగని కొట్టానని చెప్పింది నాలుగూ ముప్ఫైకి. జీపు డ్రైవర్ని ఇంటి నుంచి పిలిపించి బయల్దేరేసరికి అయిదూ పది. పెరట్లో దిగింది అయిదూ ఇరవైకి. ఆ నలభై నిమిషాలూ వేణుగోపాల్ ఇదే బెంచీ మీద కూర్చున్నాడు.

"జీపు దిగ్గానే అతనే ముందు లోపలికి పరిగెత్తాడు సాబ్. భార్య ఒంటరిగా ఉంది కదా," అన్నాడు కానిస్టేబుల్. "పెద్ద శాలువా కప్పుకుని వణుకుతున్నాడు పాపం."

శాలువా అని కూడా రాసుకున్నాను.

మూడూ పదికి చందేల్ నన్ను జీపులోనే తీసుకెళ్ళాడు. పొడుగు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నాకు నచ్చని మనిషే కాని తెలివితక్కువ వాడు కాదు. హిందీలోనే మాట్లాడుకున్నాం.

"చూడండి గార్డ్ సాబ్," అన్నాడు పెరటి తలుపు దగ్గర తీగ చూపించి. "దొంగ పనిముట్టు."

"పక్క ఇంటి తలుపు చూడండి. దాని పక్కది కూడా."

అతను వెళ్ళి చూసి వచ్చాడు. అన్నిటికీ తీగలున్నాయి. నేను కిటికీ ఊచ చూపించాను. ఒకేచోట రంగు ఊడి ఇనుము మెరుస్తోంది, ఏళ్ళ తరబడి టార్చి తగిలి.

"అచ్ఛా," అన్నాడు చందేల్. "అలవాటే అనుకుందాం. డ్యూటీలో ఉన్నవాడు దొంగతనం చెయ్యకూడదని ఏ రూల్లో ఉంది? ఏ డ్రైవరు ఏ రాత్రి ఇంట్లో ఉండడో మొత్తం కాలనీలో తెలిసినవాడు కాల్‌మన్. రెండు దొంగతనాలూ మగవాళ్ళు బండెక్కి లైన్ మీద ఉన్న ఇళ్ళలోనే జరిగాయి. సైకిలు దీపం కింద పెడతాడు, ఎవరైనా అడిగితే డ్యూటీ అంటాడు. మరి ఆ డ్యూటీ పుస్తకం ఏదీ? టార్చి దొరికింది, పుస్తకం లేదు."

అతను చెప్పింది జరగడానికి వీల్లేనిది కాదు.

"పైగా ఒక్కడు కాదు, ఇద్దరు," అన్నాడు. "వేణుగోపాల్ ఠాణాలో నా ముందు కూర్చున్న టైములోనే ఇంకొకడు ఈ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఆ అమ్మాయి ఒక్కతే. కిటికీ మూసి గడియ పెట్టుకుంది. ధైర్యవంతురాలు. రిపోర్టులో పేరు రాశాను."

కిటికీ కింద సిమెంటు మీద నాలుగైదు రక్తపు చుక్కల మరకలున్నాయి. శవం దొరికింది అక్కడ కాదు, ఎదురు గోడ దగ్గర, కుళాయి పక్కన. అడుగులు వేసి చూశాను. పదకొండు. తలుపేమో కిటికీకి మూడే అడుగులు, ఇటు పక్క.

"పారిపోతూ అక్కడ పడ్డాడు," అన్నాడు చందేల్.

"పారిపోయేవాడు దగ్గరున్న తలుపు వదిలేసి కుళాయి వైపు పోడు. మీ పంచనామాలో కుళాయి గురించి ఏం రాశారు?"

"తెరిచి ఉంది. పెరడంతా నీళ్ళు. రెండోవాడు చేతులు కడుక్కుని ఉంటాడు."

నేను వెళ్ళి కుళాయి తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది. ఇంకేమీ రాలేదు.

"ఈ లైనుకి నీళ్ళు పొద్దున అయిదుకీ సాయంత్రం నాలుక్కీ వస్తాయి చందేల్ సాబ్. అయిదు లోపల దీన్ని ఎవరు తిప్పినా గాలే. మీరు అయిదూ ఇరవైకి వచ్చేసరికి పెరడంతా నీళ్ళు. అంటే నీళ్ళు రాకముందు ఎవరో తిప్పారు, తిప్పినవాడు మళ్ళీ కట్టలేదు. రెండోవాడైతే చేతులు కడగడానికి నీళ్ళు లేవు. నీళ్ళు లేవని తెలిసి కూడా తిప్పి చూసేది ఎవరు? నోరు ఎండిపోయినవాడు."

చందేల్ కుళాయి వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"దెబ్బ తగిలాక బతికే ఉన్నాడంటారు."

"గంట దాకా బతికి ఉండొచ్చు. తలలోపల రక్తం నిలిచి నెమ్మదిగా పోయాడని మీ డాక్టరు రాశాడు. కాదా?"

"అయితే? దెబ్బ ఒక్కటే. పడిపోయినవాణ్ణి రెండోసారి కొట్టలేదు. సూర్యోదయానికి ముందు ఇంట్లో చొరబడితే సెక్షను నూట మూడు ప్రాణం తీసే హక్కు కూడా ఇస్తుంది. నా హద్దులో ఆర్నెల్లలో పంతొమ్మిది ఇళ్ళు దోచారు గార్డ్ సాబ్. ఒక్క దొంగని పట్టుకోలేకపోయాను, ఒప్పుకుంటాను. ఇక ఒక భర్త భార్య కోసం కర్ర ఎత్తితే అతన్ని నేను కోర్టుకి ఈడ్చాలా?"

"వద్దు," అన్నాను. "ఆ దెబ్బకి నేను కూడా ఈడ్చను. చీకట్లో, మన పెరట్లో, కొత్త మనిషి మొహం మీద టార్చి వేస్తే నేనైనా కర్ర ఎత్తేవాణ్ణే. తెలియక చేస్తే దానికి డెబ్భై తొమ్మిది ఉంది. కాని నూట మూడుకి ముందు తొంభై తొమ్మిది ఉంది. ఇల్లు కాచుకోడానికి ఎంత కావాలో అంతే. మనిషి పడిపోయాక హక్కు అయిపోయింది. ఆ తరవాత వాడు దొంగైనా సరే, మన పెరట్లో దెబ్బ తిన్న మనిషి."

"ఇది చట్టం కాదు. మీ మనసు."

"రెండూ ఒకచోట కలుస్తాయేమోనని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను."

చందేల్ గడియారం చూసుకున్నాడు. "నాలుక్కి కాగితం వెళుతుంది. పుస్తకం తీసుకురండి, మారుస్తాను. లేదంటే ఎర్రయ్య దొంగే." ఆ మాట అతను కోపంగా అనలేదు. దాని మీద నిలబడతాడని కూడా నాకు నమ్మకం కలిగింది.

ఆ రెండోవాడి సంగతి నాకు అప్పటికే అర్థమైంది. అతనికి చెప్పలేదు. నేను ఆ రోజు చేసిన పనుల్లో నాకు నచ్చనివి రెండు, అందులో ఇది మొదటిది.

*

వేణుగోపాల్‌కి ముప్ఫై దాటి ఉండవు. గడ్డం పెరిగి ఉంది. ఫైలు మీద నోటు రాసినట్టు, అడిగినదానికే, అడిగినంతే జవాబు చెప్పాడు. అతని భార్య తనూజ వంటగది గుమ్మంలో నిలబడింది. కోర్బాలో కరెంటు కంపెనీ ఉద్యోగి కూతురు. అక్కడే, హిందీ మధ్య పుట్టి పెరిగిన పిల్ల. పెళ్ళయి ఏడాది.

"ఎన్నింటికి మెలకువ వచ్చింది?"

"మూడూ యాభై. తలుపు గడియ చప్పుడు. తరవాత కిటికీ దగ్గర ఇనుము చప్పుడు. తలుపుకి అడ్డం పెట్టే కర్ర తీసుకుని వెళ్ళాను. టార్చి నా కళ్ళలో వేశాడు. కొట్టాను. పడ్డాడు."

"తరవాత?"

"కదల్లేదు. పోయాడనుకున్నాను. కొంతసేపు ఏం చెయ్యాలో తోచలేదు. ఈమెని తలుపులు వేసుకోమని, ఎవరొచ్చినా తియ్యొద్దని చెప్పి, నడిచి ఠాణాకి వెళ్ళాను."

"అతని రెండో చేతిలో ఏముంది?"

"చూడలేదు."

"తిరిగొచ్చాక?"

"చూడలేదన్నాను కదా సార్." అతని చెయ్యి భుజం మీది శాలువా సర్దుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత నాకు గుర్తొచ్చింది కాని నవ్వు రాలేదు.

నేను తనూజ వైపు తిరిగాను. "నువ్వేం చూశావమ్మా?"

"ఆయన వెళ్ళాక నేను ఈ గదిలోనే కూర్చున్నాను అంకుల్, లైటు ఆపేసి. ఆ గాభరాలో కిటికీ రెక్క తీసే ఉంది. కొంతసేపటికి ఎవరో వచ్చి ఊచలు పట్టుకున్నారు. గొంతు అజీబ్‌గా ఉంది, వింతగా, బొంగురుగా. అమ్మా అన్నాడు. ఇంకేదో కూడా అన్నాడు, సమఝ్ కాలేదు. తలుపు తీయించడానికి దొంగలు అలాగే అంటారు కదా. నేను కిటికీ మూసేసి గడియ పెట్టేశాను. తరవాత కిటికీ తియ్యనే లేదు."

చెబుతూ ఆమె మొగుడి వైపు చూసింది, బాగా చెప్పానా అన్నట్టు. అతను నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు నేను నాకు నచ్చని రెండో పని చేశాను. వేణుగోపాల్‌తో మాట్లాడుతున్నట్టుగా, వంటగది గుమ్మానికి వినబడేట్టు మాట్లాడాను.

"నువ్వు కొట్టింది దొంగని కాదు బాబూ. డ్యూటీలో ఉన్న కాల్‌మన్‌ని. పాత అలవాటు కొద్దీ రమణమూర్తి కోసం వచ్చాడు. ఆర్డరు లేకుండా క్వార్టరు మారావని ఆఫీసులో బయటపడితే ఉద్యోగానికి ముప్పని భయపడి ఉంటావు. దాందేముంది, ఒక ఛార్జిషీటు పడుతుంది, నేనే వాదిస్తాను. కాల్ బుక్కు బయటికొస్తే నువ్వు తెలియక పొరపాటు చేసిన మనిషివి. చట్టం నీ పక్కన నిలబడుతుంది. బుక్కు లేకపోతే ఒక మంచివాడు దొంగ అయిపోతాడు. రేపు ఎప్పుడో అది బయటపడితే నువ్వు హంతకుడివి అవుతావు."

అతను తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బుక్కు లేదు సార్," అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను. వదిలెయ్యండి."

నన్ను వదిలెయ్యండి అనలేదు. వదిలెయ్యండి అన్నాడు. నాకు ఆ తేడా అప్పుడే అందాల్సింది.

బయట జీపు దగ్గర నుంచి చందేల్ పిలిచాడు, స్టేట్‌మెంటు మీద సంతకాలు కావాలని. వేణుగోపాల్ వెళ్ళాడు. మూడూ యాభై రెండు.

తనూజ వంటగదిలోకి పోయింది. డబ్బా మూత చప్పుడైంది. బియ్యం అంటిన చేతులతో ఒక పొడుగాటి నీలం అట్ట పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"శవం పక్కనుంచి శాలువా కింద దాచి తెచ్చి, కాల్చెయ్యమన్నారు అంకుల్. గవర్నమెంటు కితాబ్ కదా, డర్ వేసింది, భయపడి కాల్చలేదు. ఆయనకి చెప్పలేదు." గబగబా మాట్లాడుతోంది. "దీంతో ఆయన బచ్ జాతే హైఁ, బయటపడతారు కదా? మీరు ఇప్పుడే అన్నారు."

"దీన్ని ఆయన చదివారా?"

"పోలీసులు వెళ్ళాక చదివారు. ఆఖరి పేజీ. చాలాసేపు అలా కూర్చుండిపోయారు. తెలుగులో ఉంది, నాకు తెలుగు చదవడం రాదు. ఏం రాసుందంటే, ఏమీ లేదు, కాల్చెయ్ అన్నారు."

పేజీ తీశాను. మొదటి రెండు వరసల్లో డ్రైవర్ల సంతకాలు, టైములు. మూడో వరసలో రమణమూర్తి పేరు. సంతకం గడి ఖాళీ. పక్కన రిమార్కుల గడిలో పెన్సిలు రాత, గడి దాటి, పక్క గడి దాటి, అంచు దాకా వంకరగా పోయింది. కాల్ ఎందుకు అందలేదో కాల్‌మన్ అందులో రాయాలి. ఎర్రయ్య ఇరవై రెండేళ్ళలో ఏనాడూ ఆ గడి ఖాళీగా వదల్లేదు. ఆ రోజు కూడా వదల్లేదు.

నేను మొత్తం చదువుకున్నాను. ఇంకోసారి చదువుకున్నాను.

"ఏం రాశాడంకుల్?"

"రమణమూర్తి గారు ఇక్కడ లేరు. తెలియక కొట్టినారు," అని చదివాను.

ఆమె రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "తెలియక అని అతనే రాశాడు. చూశారా, అతనే రాశాడు. మరి ఈయన ఎందుకు దాచారు అంకుల్? ఇంత పెద్ద సబూత్, సాక్ష్యం ఉంచుకుని?"

నేను పుస్తకం మూయబోయాను. ఆమె వేలు అడ్డం పెట్టింది. అక్షరాలు రాకపోయినా అంకెలు వస్తాయి.

"ఇది నాలుగూ నలభై కదా?"

"అవునమ్మా."

"నాలుగూ నలభైకి ఇతను రాశాడా? కానీ..." ఆగిపోయింది. వేలు అంకె మీదే ఉంది. "అప్పటికి ఈయన ఠాణాలో ఉన్నారు. ఇంట్లో నేనే ఉన్నాను. ఆ టైముకే కదా వాడు కిటికీ దగ్గరికి..."

ఆ కిటికీ ఇంకా మూసే ఉంది.

"మిగతాది చదవండి," అంది.

"తనూజా, వద్దమ్మా."

"చదవండి అంకుల్."

ఒక బతికున్న పిల్లని మింగేసే మాట, ఒక చచ్చిపోయినవాణ్ణి బతికించే మాట ఒకే గడిలో ఉన్నాయి. సగం చదివి సగం దాచడం వేణుగోపాల్ చేసిన పనే. అందుకని చదివాను.

"నీళ్ళు అడిగినాను. అమ్మగారు పాపం భయపడి కిటికీ మూసినారు. నాలుగూ నలభై. కుళాయి రాలేదు."

ఆమె కుర్చీ అంచున కూర్చుని తన కుడిచేతి వైపు చూసుకుంది, గడియ పెట్టిన చెయ్యి అదే కాబోలు. నాకు ఏదైనా చెప్పాలనిపించింది. ఒంటరి ఆడపిల్ల చీకట్లో కిటికీ మూస్తే ఏ సెక్షనూ తప్పుపట్టదని, అది నిజం కూడా. కాని ఆమె నన్ను సెక్షన్లు అడగలేదు.

గుమ్మంలో వేణుగోపాల్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నా చేతిలో పుస్తకం చూశాడు, తరవాత ఆమెని చూశాడు.

"చదివేశారా సార్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "అతనెలాగూ పోయాడు. దొంగన్నా, ఎవరన్నా అతనికి తెలియదు. ఈమె రేపు కూడా ఈ కిటికీ పక్కనే పడుకోవాలి. రెండో దొంగ ఉంటేనే నయమనుకున్నాను."

"కనకానికి తెలుస్తుంది," అన్నాను. "ఆమె బిందె కుళాయి దగ్గర నుంచి తీసేశారు."

అతను గోడకి ఆనుకున్నాడు.

బయట జీపు స్టార్టయింది. నాలుగు కావొస్తోంది. తనూజ లేచింది. నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ఆమె వీధి తలుపు వైపు రెండడుగులు వెయ్యగానే వేణుగోపాల్ అడ్డం వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. అలా నిలబడి, నా వైపు తిరిగి అడిగింది.

"ఆవిడ ఇల్లు ఏ లైన్లో అంకుల్? టి.ఐ. గారికి ఇచ్చాక నేను వెళ్ళాలి. అతను నన్ను పాపం అన్నాడు. అది ఆవిడకి నేనే చెప్పాలి."

వేణుగోపాల్ నెమ్మదిగా చెయ్యి వదిలాడు.

అప్పుడు పెరట్లో బుస్సుమని చప్పుడయింది, వెనకే సిమెంటు మీద ధారగా నీళ్ళు పడ్డ చప్పుడు. నేను తిప్పి చూసిన కుళాయి మళ్ళీ కట్టలేదు. ముగ్గురమూ మూసి ఉన్న కిటికీ వైపు చూశాం. తనూజ తలుపు తీసుకుని జీపు వైపు నడిచింది. నేను జేబులోంచి పుస్తకం తీసి టైము రాసుకున్నాను. సరిగ్గా నాలుగు. కుళాయి కట్టడానికి మా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.